మా ఫైలు మాదే

నేర సమాచారాన్ని పోలీసు విభాగాలన్నీ ఒకదానితో ఒకటి పంచుకోవాలని ఈమధ్య పెద్దలు తెగ పోరుతున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా కాపాడుకున్న ప్రశాంతత ఏం కావాలి?

లెక్కల సంగతే చూడండి. అమెరికాలో ఊరూరి పోలీసులు పంపే నేరాల లెక్కలు కూడేది ఎఫ్‌బీఐ. అది దశాబ్దాల పాటు ఒక చక్కటి సూత్రం పాటించింది. ఒకే ఘటనలో నాలుగు నేరాలు జరిగితే, వాటిలో పెద్దదే లెక్కకొస్తుంది. ఇంట్లో చొరబడి, నగలు దోచి, యజమానిని చంపి పోయినవాడి ఖాతాలో ఒక్క హత్యే. దోపిడీ జరగనట్టే! 2021లో ఈ సూత్రం తీసేసి ప్రతి నేరాన్నీ విడిగా రాసి పంపమన్నారు. ఆ ఏడాది న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసుల లెక్కలే రాలేదు. మరీ వివరంగా అడిగితే అంతే మరి.

అసలు వివరంగా రాసి బాగుపడిందెవరు? వచ్చిన ఫిర్యాదునల్లా బుద్ధిగా నమోదు చేసిన స్టేషన్‌లో నేరాలు పెరిగాయంటారు. ‘మా పరిధి కాదు’ అని పంపేసిన స్టేషన్‌లో తగ్గాయంటారు. నేరాల అదుపుకి ఇంతకన్నా చవకైన మార్గం నాకైతే తోచడం లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఆ మూడు ముక్కలు చాలు.

సమాచారం చాలక కేసులు తేలవనడమూ అపోహే. 1970లలో ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్ పోలీసులు వరస హత్యల కేసులో కార్డుల మీద కార్డులు రాశారు. హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్‌ని తొమ్మిదిసార్లు ప్రశ్నించారు కూడా. తొమ్మిదిసార్లూ రాసుకున్నారు, తొమ్మిదిసార్లూ వదిలేశారు. ఈ కార్డుకి ఆ కార్డు సంగతి తెలియదు, అంతే. చివరికి 1981లో కారుకి దొంగ నంబర్ ప్లేటు పెట్టుకుని దొరికిపోయాడు, అదీ పక్క విభాగం పోలీసులకి. ఎంత నామర్దా!

ఇప్పుడంటే కంప్యూటర్లున్నాయి. ఒకే మనిషి పేరు మూడు స్టేషన్లలో మూడు స్పెల్లింగులతో ఎక్కిందంటే ముగ్గురు నిందితులు తయార్. ముగ్గురికీ అదే మొదటి నేరం. ఇక నేరం రకం అడిగేచోట ‘ఇతరములు’ అని ఒక గడి ఉంటుంది. రాత్రి డ్యూటీలో కళ్ళు మూతలు పడుతున్నవాడికి అంతటి ఆప్తబంధువు ఇంకొకరు లేరు.

అయినా పంచుకోక తప్పదంటే నాదొక ప్రతిపాదన. అన్ని పరిధుల్లోనూ అడ్డూ ఆపూ లేకుండా తిరిగేది నేరస్థుడొక్కడే కదా. ఫైలేదో అతని చేతికే ఇచ్చి, సంతకం పెట్టించుకుని పంపిద్దాం. తర్వాతి స్టేషన్‌లో తనే చూపిస్తాడు. దారిలో పారేసుకున్నా టెన్షన్ లేదు, ఎక్కడ పోయిందో అక్కడే ఫిర్యాదు ఇచ్చుకుంటాడు. వాళ్ళు రాసుకుంటే.