మన్నూ నీళ్లూ తగలని భూగోళం

ఒకటో తరగతి పిల్లలకు నేల, నీరు పాఠం చెప్పేటప్పుడు పాటించాల్సిన మొదటి నియమం: గదిలోకి మన్ను రాకూడదు, నీళ్లు అసలే రాకూడదు. టైల్స్ పాడవుతాయి, యూనిఫాం మాసిపోతుంది, సాయంత్రం గేటు దగ్గర తల్లిదండ్రులు నిలదీస్తారు. కాబట్టి ‘భూమి ఉపరితలంలో 71 శాతం నీరు, 29 శాతం నేల’ అని బోర్డు మీద రాసి, పదిసార్లు రాయించడమే క్షేమం. ఇరవై దాకా లెక్కపెట్టడానికే తడబడే పిల్లకు శాతం ఎలా తెలుస్తుందంటారా? అది ఏ ఐదో తరగతిలోనో లెక్కల టీచరు చూసుకుంటారు.

కొందరు టీచర్లు మాత్రం దారి తప్పుతున్నారు. పది అట్టముక్కలిచ్చి, ఏడింటికి నీలం, మూడింటికి గోధుమరంగు వేయించి పని కానిచ్చేస్తున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. గాలి ఊదిన గ్లోబు బంతిని విసురుకోమంటారు. పట్టుకున్నాక కుడి చూపుడువేలు నీటి మీద ఉందో నేల మీద ఉందో చూసి బోర్డు మీద గీత పెట్టిస్తారు. పది విసుర్లలో నీరు ఐదుసార్లే రావచ్చు, తొమ్మిదిసార్లూ రావచ్చు. వంద దాకా విసిరితేగాని లెక్క డెబ్బై దరిదాపులకు రాదు. ఈలోగా క్లాసంతా నవ్వులు. పైగా వేలు అంటార్కిటికా మీద పడిందా, తగువే. తెల్లగా ఉన్నది నీరా, నేలా? అక్కడ మంచు కింద నేల ఉందని, ఉత్తరధ్రువం దగ్గర మంచు కింద ఉన్నది సముద్రమేనని టీచరు చెప్పుకోవాలి. ఈ గొడవంతా లేకుండా ఉండాలనే కదా మనం గ్లోబును అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది!

అసలు ప్రమాదం ట్రేలతో. పిల్లలు వస్తువులను చేత్తో పట్టి నేర్చుకునే మాంటిస్సోరి బడులు ఎప్పటినుంచో పెంచి పోషిస్తున్న దురలవాటు ఇది. చూడగానే పట్టుకుని ఆపించడానికి వీలుగా ఆనవాళ్లు ఇస్తున్నాం. రెండంగుళాల లోతున్న స్టీలు ట్రేలు రెండు ఉంటాయి. ఒకదాంట్లో అంగుళం మందాన బంకమన్ను పరిచి, నడుమ గుండ్రంగా కోసి, తీసిన ముద్దను రెండో ట్రేలో అదిమి పెడతారు. ఖాళీ జాగాల్లో నీలిమందు చుక్క కలిపిన నీళ్లు, మన్ను మునగకుండా అర అంగుళం దాకా పోస్తారు. మొదటిది సరస్సు, రెండోది ద్వీపం. ఒకే కోతలోంచి రెండూ పుట్టాయని నాలుగేళ్ల పిల్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇలాగే రెండు నేలలను కలిపే సన్నని నేలపట్టీ భూసంధికి జోడీగా, రెండు సముద్రాలను కలిపే సన్నని నీటిపాయ జలసంధి. ఇక మన నిర్వచనాలను బట్టీ పట్టేదెవరు?

ఇందులో చెడేవీ ఉన్నాయి, సంతోషం. ఇసుక పాలు ఎక్కువైతే ఒడ్డు విరిగిపడుతుంది. నీళ్లు మన్ను మీద పోస్తే అంతా బురద. చిన్న గ్లాసుతో ట్రే అంచు నుంచి పోయాలి. ముద్ద అడుగు ట్రేకి గట్టిగా అంటకపోతే నీరు కిందికి దూరి ద్వీపం జరుగుతుంది. అది చూసిన పిల్లలు ద్వీపాలు నీటి మీద తేలుతాయని ఖాయం చేసుకుంటారు. దీనికి విరుగుడుగా చివర్లో నీళ్లు వంపేసి, అడుగుదాకా ఉన్నది నేలేనని చూపిస్తారట. మన పద్ధతిలో నీళ్లే లేవు గనుక వంపే శ్రమ కూడా లేదు.

ఉదాహరణల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గోదావరి పాయ దాటి పడవలో బడికొచ్చే కోనసీమ లంకల పిల్లాడు ‘నలువైపులా నీటిచే ఆవరింపబడిన భూభాగమును ద్వీపమందురు’ అని అప్పజెప్పి, ఉదాహరణకు గ్రీన్‌లాండ్ అనాలి. ‘మా లంక’ అన్నాడో, సున్నా. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న ద్వీపమేనని టీవీ చూసే పిల్లలకు చెప్పకండి, గుర్తుండిపోతుంది.

అన్నిటికంటే ఘోరమైంది లీటరు సీసా. భూమ్మీది నీరంతా ఆ లీటరే అనుకోమంటారు. అందులో ఉప్పులేనిది ఐదు టీస్పూన్లు. మూడున్నర స్పూన్లు మంచుగా గడ్డకట్టి ఉంటే, మిగిలినదాంట్లో దాదాపు అంతా భూగర్భంలోనే ఉంది. నదులూ చెరువులూ అన్నీ కలిపితే ఒకటిన్నర చుక్క. ఆ చుక్కను డ్రాపర్‌తో అరచేతిలో వేయించుకున్న పిల్ల తిన్నగా బడి వెనక కారుతున్న కుళాయి దగ్గరికి వెళ్లి, దీన్నెవరూ బాగుచేయరా అని అడుగుతుంది. ఆ కుళాయి మన సిలబస్‌లో లేదు.