బుజ్జి కడుపులో ఎవరు?

(సూర్యం అక్వేరియం ముందు వంగి చేపలు లెక్కపెడుతున్నాడు. వెనక కమల చేతిలో కొలత టేపు ఉంది. దాని సంగతి ఆయనకింకా తెలియదు.)

సూర్యం: కమలా, సిల్వర్ డాలర్ చేప ఒకటి కనిపించడం లేదు. మూత సందులోంచి దూకేసిందేమో.

కమల: అరోవానా చేప ఎగురుతుందని ఆ మూత మీద బరువు పెట్టింది నేనే. అమెజాన్‌లో నీళ్లలోంచి పైకి ఎగిరి, కొమ్మ మీది పురుగును పట్టే జాతి అది. ఆ మూత దాటాలంటే చేపకు చేతులుండాలి. ఏమండీ, అడుగున మీ బుజ్జిని, ఆ రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌ను చూడండి. నిన్నటిదాకా దానికి నడుము ఉండేది.

సూర్యం: పాపం, ఉబ్బరం చేసినట్టుంది.

కమల: ఉబ్బరం కాదు, ఉపాహారం.

సూర్యం: ఛ! వచ్చినప్పుడు నా వేలంత ఉండేది. ఆ తెల్లటి మీసాలు చూసి ఎంత ముచ్చటపడ్డానని!

కమల: మీసాల కిందున్న నోరు చూడలేదా? రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌కు తల ఎంత వెడల్పో నోరూ దాదాపు అంతే. నమలడం, చీల్చడం ఉండవు, ఏకంగా మింగడమే. అడుగున రాళ్లుంటే అవీ మింగేస్తుందని గులకరాళ్లు తీయించాను, గుర్తుందా?

సూర్యం: మరి ఆ ఆస్కార్ చేప జోలికి పోలేదే! ఇద్దరికీ స్నేహం కుదిరింది.

కమల: కుదిరింది స్నేహం కాదు, కొలత. ఆస్కార్ ఇప్పటికి ఆ నోట్లో పట్టదు. అది 30 సెంటీమీటర్లు దాటాక దాదాపు ఆగిపోతుంది. బుజ్జి మీటరు దాటుతుంది. మన ట్యాంకు వెడల్పు 60 సెంటీమీటర్లు. వెనక్కి తిరగాలంటే దానికి రివర్స్ గేరు పెట్టించాలి.

సూర్యం: చేప ట్యాంకును బట్టే పెరుగుతుందంటారు.

కమల: మీరు చొక్కాను బట్టి పెరిగారా? ఇరుకులో, మురికి నీళ్లలో చేప గిడసబారుతుంది, వంకర పోతుంది, ఆయువు తీరకుండానే పోతుంది. దాన్ని సర్దుకుపోవడం అనకండి.

సూర్యం: పోనీ, కడుపు నిండా మేపితే పక్కవాళ్లను ముట్టదుగా. గోల్డ్‌ఫిష్ పిల్లలు తెచ్చి వేస్తాను.

కమల: వాటిలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. రోజూ అవే తింటే చేపకు బి1 విటమిన్ కరవవుతుంది. పైగా వాటితో వచ్చే రోగాలు ఉచితం. చేపల మేత గుళికలు చాలు. అసలు మేతంతా చివరికి ఏమవుతుందో తెలుసా? అమ్మోనియా! ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, తర్వాత నైట్రేట్ చేస్తుంది. ఆ నైట్రేట్ పోవాలంటే వారం వారం నీళ్లు మార్చాలి. బకెట్లు మోసేది ఎవరు?

సూర్యం: నా నడుము సంగతి నీకు తెలుసు కదా.

కమల: తెలుసు. నీళ్లు మార్చే రోజునే నొప్పి పుట్టే నడుము. నేను పెద్ద రాళ్లు సర్దితే ఆ ఆస్కార్ తెల్లారేసరికి పెకలించేస్తుంది, మొక్కలు పీకేస్తుంది.

సూర్యం: ఆస్కార్‌లో ఆడా మగా చూసి చెప్పలేమటగా?

కమల: చూసి చెప్పలేం. పని బట్టి అయితే మగదే.

(ఆయన నవ్వబోయి, నవ్వితే ఒప్పుకున్నట్టవుతుందని ఆగాడు.)

సూర్యం: బుజ్జిని ఏ చెరువులోనైనా వదిలేద్దామా?

కమల: మన దొంగను ఊరి మీదికి తోలతారా? బయటి జాతి చేప చెరువులో పడితే అక్కడివాటికి నూకలు చెల్లినట్టే. ఆ మాట మళ్లీ అనకండి.

సూర్యం: అయితే పెద్ద ట్యాంకు కడదాం! ఆ టేపు అందుకేనా?

కమల: మీ గది కొలిచాను. అందులో పట్టే ట్యాంకు 3 మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ముప్పావు లోతు. లీటరు నీళ్లు కిలో. లెక్క కట్టండి.

సూర్యం: (ఫోనులో లెక్క కట్టి) 3,375 కిలోలా! అద్దం కాకుండానా?

కమల: అద్దం కాకుండానే. మనం ఉండేది మేడ మీద. బుజ్జి గదితో సహా కింది ఇంటివాళ్ల భోజనానికి వెళుతుంది.

సూర్యం: అంటే... పంపించేయాలా?

కమల: పెద్ద కొలను ఉన్నవాళ్లను వెతకండి. ఫోను చేతిలోనే ఉందిగా.

(సూర్యం పక్క గదిలోకి వెళ్లాడు. చాలాసేపు మాటలు, మధ్యలో ఒక నవ్వు. కమలకు నచ్చనిది ఆ నవ్వే.)

కమల: ఏమన్నారు? తీసుకుంటారా?

సూర్యం: వాళ్ల దగ్గరా ఒక రెడ్‌టెయిల్ ఉందట. మనం తీసుకుంటామేమోనని అడుగుతున్నారు.

కమల: మీరేమన్నారు?

సూర్యం: ఏమీ అనలేదు. మీసాలు ఎంత పొడవున్నాయని అడిగాను, అంతే.