సిలబస్‌కి ఎఫ్ గ్రేడు లేదు

మా విజయనగరం జిల్లాలో ఒకానొక ఇంజినీరింగ్ కాలేజీ వారి ఫీడ్‌బ్యాక్ ఫారం ఈమధ్య నా కంటపడింది. సిలబస్ ఎలా ఉందో విద్యార్థులు నిర్భయంగా చెప్పాలని పైన పెద్దక్షరాల్లో ఉంది. చెప్పడానికి కింద నాలుగు గడులున్నాయి: ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, శాటిస్‌ఫాక్టరీ. అయిదో గడి కోసం కాగితం వెనక్కి తిప్పాను. అక్కడ ప్రిన్సిపాల్ గారి సంతకానికి చోటు వదిలారు.

ఈ ముందుచూపుకి దండం పెట్టాలి. కుర్రాడికి మార్కులు తగ్గితే ఎవరూ 'శాటిస్‌ఫాక్టరీ' అని సరిపెట్టుకోరు. ఎఫ్ అంటారు, బ్యాక్‌లాగ్ అంటారు, సప్లిమెంటరీకి ఫీజు కట్టమంటారు. పిల్లాడు తప్పవచ్చు గానీ సిలబస్ తప్పడానికి వీల్లేదు. అది ఎంత అధ్వానంగా ఉన్నా, ఎవరు ఎంత కోపంగా టిక్కు పెట్టినా, తృప్తికరం దగ్గర ఆగిపోవాల్సిందే.

ఫారంలో ఏడో ప్రశ్న మరీ ముద్దొచ్చింది. 'ఈ కరిక్యులం ప్రపంచస్థాయి పరిశ్రమల భావి అవసరాలను ఏమేరకు తీరుస్తోంది?' అడుగుతున్నది సెకండియర్ పిల్లాణ్ణి. పరిశ్రమ అనేదాన్ని వాడు చూసింది నెల్లిమర్ల జూట్ మిల్లు గేటు వరకే, అదీ బస్సు కిటికీలోంచి. అయినా వాడు ప్రపంచ పరిశ్రమల భవిష్యత్తుకి వెరీ గుడ్ ఇచ్చాడు.

ఇక ఫారాలు నింపే రోజు వైభవం చూసి తీరాలి. కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ బృందం వస్తోందని తెలియగానే క్లాసులు ఆపేసి అందర్నీ సెమినార్ హాల్లో కూర్చోబెడతారు. ఫారం నెత్తిన 'మీ వివరాలు గోప్యంగా ఉంచబడును' అని ఉంటుంది, దాని కిందే రోల్ నంబరు, సెక్షను, సంతకం. డిపార్ట్‌మెంట్ పెద్ద, హెచ్‌ఓడీ గారు వరసల మధ్య తిరుగుతూ స్వేచ్ఛ ప్రసాదిస్తుంటారు. "అన్నీ ఎక్సలెంట్ కొట్టీకండ్రా, డౌటొస్తాది. మధ్యమధ్యన వెరీ గుడ్ కూడా ఎయ్యండి." ఒక అమాయకుడు లేచి, "సార్, ఈ సబ్జెక్టు మాకింకా మొదలవలేదండి" అంటాడు. "అవుతాది కదా, రాసీ." రానివాళ్ల ఫారాలు క్లాసు లీడరు, అదే సీఆర్, నింపుతాడు. వాడికి నాలుగు రకాల చేతిరాత వచ్చు. కోర్సులో వాడు నిజంగా నేర్చుకున్న నైపుణ్యం అదొక్కటే. తర్వాత అసలు పని మొదలవుతుంది. ఒక్క ఏడాది కాగితాలు చాలవు, వెనకటి సంవత్సరాలవీ కావాలి. ఫస్టియర్ పిల్లల్ని పిలుస్తారు. నీలం పెన్ను వాళ్లు 2021 బ్యాచ్, నల్ల పెన్ను వాళ్లు 2022 బ్యాచ్. 2021లో తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల, ఆ ఏడాది బీటెక్ సిలబస్ అమోఘమని సంతకం చేస్తుంది. కాగితాలు మరీ తెల్లగా ఉన్నాయని అటెండరు వాటిని డాబా మీద ఎండబెడతాడు. జీడిపప్పు ఎండబెట్టినంత శ్రద్ధగా, కాకులు వాలకుండా కాపలా కూడా కాస్తాడు.

న్యాక్ వారి లెక్కలో మొదటి క్రైటీరియన్ కరిక్యులం, అందులో ఫీడ్‌బ్యాక్‌కి ప్రత్యేకంగా మార్కులు. విద్యార్థులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు, ఉద్యోగాలిచ్చేవాళ్లు అందరి మాటా విని, విశ్లేషించి, చర్య తీసుకుని, వెబ్‌సైట్‌లో పెడితే పూర్తి మార్కులు. ఆలోచన మంచిదే. కాకపోతే మామూలు అనుబంధ కాలేజీకి సిలబస్‌లో కామా మార్చే అధికారం కూడా లేదు. దాన్ని నిర్ణయించేది యూనివర్సిటీలో సిలబస్ తయారుచేసే కమిటీ, బోర్డ్ ఆఫ్ స్టడీస్. రెగ్యులేషన్‌కి ఏడాది అంకె తగిలించి ఆర్16, ఆర్19, ఆర్20, ఆర్23 అంటూ ఏడాదికో మూడేళ్లకో మారుతుంది. నువ్వు ఆర్20లో చేరితే ఆర్20తోనే బయటికి పోతావు, నీ ఫిర్యాదు ఫలం నీ తమ్ముడికి. అటానమస్ కాలేజీలకి మార్చుకునే హక్కుంది. వాటిలోనూ ఫారం మాత్రం ఇదే, నాలుగు గడులతో.

ఉద్యోగాలిచ్చేవాళ్ల ఫారం మీద ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరి జిరాక్స్ షాపు స్టాంపు ఉంది. అన్ని ఫారాలూ అక్కడే తీయించారు కాబట్టి ఆయన సంతృప్తిని శంకించలేం. తల్లిదండ్రుల్నీ వదల్లేదు. 'ప్రోగ్రాం అవుట్‌కమ్స్ సాధించబడినవా' అన్న ప్రశ్న పక్కన ఒక తండ్రి వేలిముద్ర ఉంది. "ఇక్కడేటి రాసుంది బాబూ?" అని ఆయన అడిగే ఉంటాడు. "బాగుందని రాసుందిలే" అని ఎవరో చెప్పే ఉంటారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు.

అదే కాలేజీలో వరండాలో ఒక సలహాల పెట్టె ఉంది. ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి, చదివే ఒక కుర్రాడు అది నిజమేననుకున్నాడు. చీటీ రాసి వేశాడు: 'సార్, ల్యాబులో సీఆర్‌ఓలు సగం పని చెయ్యవు. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు వేసుకుంటున్నాం. మైక్రోప్రాసెసర్ కిట్టు మీద ఒక్కసారైనా మమ్మల్ని చెయ్యి పెట్టనివ్వండి.' సీఆర్‌ఓ అంటే కరెంటు సిగ్నళ్లని తెర మీద గీసి చూపించే మిషను. చూడండి, 1978 నాటి 8086 మైక్రోప్రాసెసర్ ఇంకా ఎందుకని కూడా వాడు అడగలేదు. ఆ పాత చిప్పునే సరిగ్గా నేర్పమన్నాడు. సిలబస్ మీద, చదువు మీద ఆ కాలేజీకి వచ్చిన ఒకే ఒక్క నిజమైన ఫీడ్‌బ్యాక్ అది.

దానికి పేరు లేదు. చేతిరాత పోల్చి పట్టుకున్నారు! నాలుగేళ్లుగా పాడైపోయిన సీఆర్‌ఓని పట్టించుకోని మనుషులు రెండు రోజుల్లో రాత పట్టేశారు. తండ్రిని పిలిపించారు. చీపురుపల్లి అవతల ఊరు, తాపీపని. ఆ రోజు కూలి వదులుకుని వచ్చి, కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడి, కొడుకు వయసున్న లెక్చరర్ల ముందు చేతులు జోడించాడు. "గుంటడు తెలీక రాసీసినాడు బాబూ, ఒగ్గీయండి" అన్నాడు. తెలిసే రాశాడయ్యా! నీ కొడుక్కి తెలిసింది కాబట్టే నిన్ను నిలబెట్టారు. ఆ గదిలో తల దించుకోవాల్సింది నువ్వు కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేరుతో జనం డబ్బు తీసుకుని, చచ్చిన మిషన్ల ముందు పిల్లల చేత దొంగ రీడింగులు రాయించి, ఆ మాట బయటికి వస్తే సర్టిఫికెట్లు ఆపుతామని బెదిరించేవాళ్లు సిగ్గుపడాలి. వాళ్లు పడరు. వాళ్ల ఫైలు రెడీ అయిపోయింది.

ఆ చీటీని మాత్రం పారెయ్యలేదు. అందిన ప్రతి సూచన మీదా చర్య చూపించాలి కదా, యాక్షన్ టేకెన్ రిపోర్టులో ఎక్కించారు. సూచన: ల్యాబు సౌకర్యాల మెరుగుదల. తీసుకున్న చర్య: కౌన్సెలింగ్ ఇవ్వబడినది.