సజ్జ మీది ట్రెక్కింగ్ బూట్ల గారికి

మహారాజశ్రీ బూట్ల గారి దివ్య సముఖానికి, పాలమూరు నుంచి రెండు పాదాలు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలె. కానీ తమరి ఉభయుల్లో ఎడమవారు నిన్న నల్లమల లోయల ఉన్న మల్లెలతీర్థం జలపాతం మెట్ల మీదనే నోరు తెరిచారు. కుడివారు కిందిదాకా వచ్చి, నీళ్లు తగలగానే సోల్‌ను మడుగుకు సమర్పించుకున్నారు.

తమరికి ఏం తక్కువ చేసినం? ఆరేండ్లల్లో నాలుగంటే నాలుగుసార్లు తొడిగి, తుడిచి, పాలిథిన్ కవర్ల చుట్టి, డబ్బాల పెట్టి సజ్జ ఎక్కించినం. దించినప్పుడు పైకి కొత్త పెండ్లికొడుకే. లోపలే మోసం. తోలుకూ కింది రబ్బరుకూ నడుమ ఉండే మెత్తటి పొర పాలీయురేథేన్. గాలిలోని చెమ్మ దాని అణువుల గొలుసులను ఒక్కొక్కటే తెంపుకుంట పోతది. దాని పేరు హైడ్రాలిసిస్. నడుస్తుంటే పొర నలిగి చెమ్మ బయటికి పోతది. కవర్ల కట్టేస్తే లోపలే ఊరుతది, పైన స్లాబు వేడి దానికి తోడు. అంటే తొడిగితే అరుగుతరు, దాచితే చస్తరు. ఇదెక్కడి న్యాయమండీ?

చచ్చేవారు ఇంట్లోనే చావొచ్చు కదా. పక్కనుంచి కనబడే ఆ మెత్తటి పొరను బొటనవేలితో గట్టిగ నొక్కితే సన్నటి బీటలు కనబడతయి, బూటును వంచితే పొడి రాలుతది. ఆ నిమిషం పరీక్ష ఎవరూ చేయరని తమరికి తెలుసు. అందుకే లోయదాకా ఓపిక పట్టారు. గుట్ట ఎక్కుతుంటే ఊడితే దిగి ఇంటికి పోవచ్చు. లోయల లెక్క తిరగబడతది: పొద్దున చల్లపూట దిగుడు, ఈతకొట్టి అలిసినంక మిట్ట మధ్యాహ్నం ఎక్కుడు. అదీ మూడువందల పైచిలుకు మెట్లు! నీళ్లల్ల నానిన అరికాలు తోలు మెత్తబడి ఉంటది, చిన్న రాపిడికే బొబ్బ లేస్తది.

జీన్సు ప్యాంటుకూ, ఫోను పెట్టిన వాటర్‌ప్రూఫ్ సంచికీ వేరే ఉత్తరం రాస్తం. ఒకరు తడిసి గుదిబండయ్యారు, ఇంకొకరు లోపల చిన్న చెరువే కట్టారు.

గమ్ము పూస్తే అది అంటుకునేది పొడికి, సోల్‌కు కాదు. కుట్టిద్దామంటే దారం పట్టే కండ లేదు. మిగిలింది లేసు. మడమకు కొంచెం ముందర ఒక చుట్టు, వేళ్ల వెనక ఒక చుట్టు, ముడి పాదం పైన. కింద బండ రాపిడికి అదీ తెగుతదని తెలిసే, స్పేర్ లేసు పెట్టుకోవాలె. స్పేర్ లేసు ఎక్కడుంది? తమరి డబ్బాలోనే, సజ్జ మీద!

అరే, ఏందిరా మీరు! అమ్రాబాద్ అడవిల, సిగ్నల్ లేని కాడ, పాకుడు బండ మీద చేయిచ్చుడా? చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరల ఎందరో ఉత్త కాళ్లతోని లోయ దిగి ఎక్కుతరు. అవే నల్లమల రాళ్లు. మీ మొకానికి తోలొకటి, లేసులొకటి, ఆరేండ్ల మర్యాదొకటి!

ఆ తోలు ఇంకా చెక్కుచెదరలే, అదే కడుపుమంట. పారేయబుద్ధి కావట్లే. సోల్ మార్చేటాయన దొరికితే నడుమ ఈవీఏ అనే ఇంకో రకం మెత్తటి పొర వేయిస్తం, దానికి ఈ చెమ్మ రోగం లేదు. ఇకనుంచి మీ మకాం సజ్జ కాదు, గాలి తగిలే గడప పక్కన. కవరు లేదు, డబ్బా లేదు. నెలకోసారి పెద్దచెరువు కట్ట మీద నడక తప్పదు.

ఇట్లు,
రెండు పాదాలు
(ఎడమ మడమకు పట్టీతో)