బీరువా అడుగున పండుకున్న వీలునామా గారికి

అయ్యా వీలునామా గారూ,

హన్మకొండ నుంచి ఒక పెన్షన్ ముసలమ్మ రాసుకునేది.

మా సారు పోయిన ఈ నాలుగేండ్లు ఎక్కడున్నరు? బీరువా కింది అరల, పట్టుచీరల కింద పరిచిన పాత పేపర్ కింద! మేడారం బంగారం పొట్లం మీ మీదనే పెట్టిన. బెల్లం కారి రెండో పేజీకి అంటుకున్నది. సాక్షి సంతకం పక్కన ఒక చీమ ఇంకా అట్లనే ఉన్నది.

మీకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెల్లకాగితం, ఇద్దరు సాక్షులుంటే చాలు. పక్కన పండుకునే పెండ్లాంకు చెప్పాలన్న నియమమైతే అసలే లేదు.

చౌరస్తాల మూడు మడిగెలు మనుమరాండ్ల ట్రస్టుకు, వాళ్ల తరఫున చూసుకునే ట్రస్టీని నేను అని మీ కడుపుల ఉన్నది. నాకేమెరుక? నెలకు 60 వేల కిరాయి నాదే అనుకున్న. నా పాన్ మీదనే రిటర్ను వేసి, పన్ను కట్టి, మిగిలిన పైసలతోని స్లాబు లీకు బాగు చేయించిన, కాశీకి పోయొచ్చిన. ఆ కాశీ ట్రస్టు సొమ్మని ఆడిటర్ అంటే నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?

ఎవరికెంతో మీల లేదు. ‘ట్రస్టీ ఇష్టం’ అని రాసిన్రు. బతికినన్నాళ్లు కూరల ఉప్పు సుత నా ఇష్టానికి వదలని మనిషి! వాటాలు తేల్చని ట్రస్టుకు ఆ ఏండ్లకు 1961 ఆదాయపు పన్ను చట్టం 164వ సెక్షన్ కింద అన్నిటికన్న పై రేటు పడ్తదట. వీలునామాతోని పెట్టిన ట్రస్టు అదొక్కటే అయితే మామూలు పన్ను స్లాబులే. మా సారు ఒక్కదానితోని ఆగిన పని జన్మల ఇదొక్కటే. చాయ్ అయినా రెండుకు తక్కువ తాగలే.

పోయినోళ్ల ఆస్తి మీద పన్ను 1985లనే ఎత్తేసిన్రు. ఇది ఉన్నోళ్ల మతిమరుపు మీద పన్ను. ట్రస్టు పేరు మీద, గడువు దాటినంక వేసే అప్‌డేటెడ్ రిటర్ను వెయ్యాలె. ఏడాదిల మేలుకుంటే పన్ను, వడ్డీ మీద 25 శాతం అదనం, నాలుగో ఏడాదికి 70. నేను కట్టిన పన్ను అదే తొవ్వల వాపసు తెచ్చుకుందమంటే, ఆ రిటర్ను తీసుకునుడే గాని ఇచ్చుడు లేదట. దానికి కమిషనర్‌కు వేరే అర్జీ.

నిన్న ట్రస్టు పాన్ కార్డు పోస్టుల వచ్చింది. పెద్ద మనుమరాలు ఫోన్ చేసి, “అమ్మమ్మా, మాకు నువ్వు కిరాయి బాకీ ఉన్నవట?” అన్నది.

“కాశీ ప్రసాదం నువ్వే ఎక్కువ తిన్నవు, అది కొట్టెయ్” అన్న.

ఇట్లు,
అడగకుండ పెట్టిన మీ ట్రస్టీ