సవరణ: ఫోన్‌లో తెరుచుకోని స్కాన్ పత్రాలు

స్కాన్ చేసిన పత్రం ఫోన్‌లో తెరుచుకోకపోతే పీడీఎఫ్ రీడర్ యాప్ వేసుకుంటే చాలునని ఇంతకుముందు రాసిన సూచన పీడీఎఫ్ ఫైళ్లకు మాత్రమే వర్తిస్తుంది. హనుమకొండ, పరకాల, జనగామ వైపు జిరాక్స్ సెంటర్లలో పాత దస్తావేజులనూ పహాణీ నకళ్లనూ స్కాన్ చేయించుకున్నవారు ముందుగా ఫైలు పేరు చివర ఏముందో చూడాలి. అక్కడ ‘టిఫ్’ (tif లేదా tiff) అని ఉంటే అది 1986లో ఆల్డస్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ రూపొందించిన వేరే రకం చిత్రాల ఫైలు పద్ధతి. అనేక పేజీలను ఒకే ఫైలులో దాచగలిగినా, చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల గ్యాలరీ దానిని చూపలేదు. చివరి అక్షరాలను ‘పీడీఎఫ్’ అని మార్చినంత మాత్రాన లోపలి నిర్మాణం మారదు. కంప్యూటర్‌లో తెరిచి పీడీఎఫ్‌గా భద్రపరచి, పేజీలన్నీ వచ్చాయో లేదో సరిచూసుకోవాలి. స్కాన్ చేయించేటప్పుడే పీడీఎఫ్‌గా ఇమ్మని అడిగితే ఈ శ్రమే ఉండదు.

భూమి పత్రాలలో సంతకాలు, ఆధార్ సంఖ్యలు ఉంటాయి కనుక వాటిని ఊరూపేరూ తెలియని ఫైలు మార్పిడి వెబ్‌సైట్లలోకి ఎక్కించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఫైలు పరిమాణం సున్నా అని చూపితే డౌన్‌లోడ్ పూర్తికాలేదని అర్థం, మళ్లీ తెప్పించుకోవాలి. ఈ-ఆధార్ (డౌన్‌లోడ్ చేసుకునే ఆధార్ పీడీఎఫ్) తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ అడగడం లోపం కాదు: పేరులోని మొదటి 4 ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, వాటి వెంటనే పుట్టిన సంవత్సరం ఇవ్వాలి.