పేర్లు నింపేలోపు పెరిగిన ఏడున్నర వేలు

నిన్న రాత్రి పదిన్నరకు బెంగళూరు నుంచి విశాఖపట్నానికి నాలుగు విమాన టికెట్లు తీసుకుందామని కూర్చున్నాను. వచ్చే నెల విజయనగరంలో మా అన్నయ్య కూతురి పెళ్లి. మనిషికి 6,240 రూపాయలని చూపించింది. అనుకున్నదానికంటే ఎక్కువే అయినా సరేననుకుని నలుగురి పేర్లు, అమ్మ పుట్టిన తేదీ, ఆమెకు చక్రాల కుర్చీ కావాలన్న వివరం అన్నీ నింపి డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి తెర మధ్యలో ఒక చిన్న గడి తెరుచుకుంది. ఛార్జీ మారిందన్న ఒక్క ముక్క, దాని కింద మనిషికి 8,115 రూపాయలన్న కొత్త అంకె, ఆ కింద కొనసాగించమంటూ ఒక బటన్. నేను పేర్లు నింపిన ఆ ఆరేడు నిమిషాల్లో మా ఇంటి మీద ఏడున్నర వేలు పడింది.

పక్క గదిలోంచి అమ్మ "ఎంతయిందే?" అని అడిగింది. చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత "నేను రాకపోయినా పెళ్లి ఆగదులే, మీ ముగ్గురూ వెళ్లి రండి, నేను ఫోన్లో చూస్తాను" అంది. సొంత మనవరాలి పెళ్లి. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు, రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, ఒక రాత్రీ పగలూ రైల్లో కూర్చునే ఓపిక లేదు. విమానం ఆమెకు విలాసం కాదు, ఊరు చేరడానికి మిగిలిన ఒకే ఒక్క దారి. అటువంటి మనిషి చేత ఆ మాట అనిపించారన్న కోపం తెల్లారినా నాకు చల్లారలేదు.

ఆ పెంపు ఎలా జరిగిందో రాత్రే వెతికి చూశాను. విమానంలో సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. సీట్లను కొన్ని కొన్నిగా విడగొట్టి ఒక్కో వాటాకు ఒక్కో ధర పెడతారు, తక్కువ ధర వాటా అయిపోగానే పై వాటా తెరుస్తారు. నలుగురికి కలిపి అడిగినప్పుడు తక్కువ ధరలో రెండే సీట్లు మిగిలి ఉంటే, ఇద్దరికి ఆ ధర, ఇద్దరికి పై ధర వేయరు. నలుగురికీ పై ధరే వేస్తారు. అనుమానం వచ్చి ఇద్దరికే అని మార్చి చూస్తే అదే విమానంలో, అదే నిమిషంలో మళ్లీ 6,240 కనిపించింది. నేను రెండు విడతలుగా కొని 3,750 రూపాయలు కాపాడుకున్నాను. కానీ ఈ సంగతి తెలియని కుటుంబం, అంటే కలిసి ప్రయాణం చేసే దాదాపు ప్రతి కుటుంబం, తక్కువ ధర సీట్లు కళ్ల ముందే ఉన్నా ఎక్కువ కట్టి బయటపడుతోంది. తక్కువ ధరలో ఇంకా రెండు సీట్లున్నాయని ఒక్క వాక్యం చూపించడం విమాన సంస్థలకు చేతకాని పని కాదు.

ముందుగా కొనండి, తేదీలు అటూ ఇటూ మార్చుకోండి, మంగళవారం ప్రయాణం పెట్టుకోండి అని సలహా చెప్పేవాళ్లు ఒక్కటి ఆలోచించాలి. పెళ్లి ముహూర్తం పురోహితుడు పెడతాడు, సంక్రాంతి జనవరి నడుమనే వస్తుంది, పిల్లల సెలవులు బడి నిర్ణయిస్తుంది, చావు ఎవరికీ చెప్పి రాదు.

చావు మాట ఎత్తాను కాబట్టి, మూడేళ్లుగా మనసులో పెట్టుకున్నది కూడా చెప్పేస్తాను. నా ఇంజనీరింగ్ ఫీజులు కట్టి చదివించిన మా పెదనాన్న ఒక తెల్లవారుజామున పోయారు. ఐదు గంటలకు చూస్తే విశాఖకు ఒక సీటు 17,400. మా ఆయనను లేపి, ఉన్న డబ్బు లెక్క చూసుకుని వచ్చేసరికి 19,900. నెలాఖరు కావడంతో ఒక్క టికెట్టుకే డబ్బులున్నాయి. నేను ఒక్కదాన్నే వెళ్లాను. మా ఆయనా, మా అబ్బాయీ రైల్లో బయల్దేరి మర్నాడు చేరేసరికి దహనం అయిపోయింది. పెదనాన్న భుజాన ఎక్కి తిరిగిన పిల్లవాడికి చివరి చూపు దక్కలేదు. ఆ పది నిమిషాల్లో విమానం నడిపే ఖర్చు రెండున్నర వేలు పెరిగిందంటే నేను నమ్మను. పెరిగింది మా అవసరం, దాన్నే వాళ్లు ధర కట్టి అమ్ముకున్నారు.

ఇంధనం ధర పెరిగిందంటారు. నిజమే, విమాన సంస్థల ఖర్చులో అది చాలా పెద్ద భాగం, చమురు కంపెనీలు ప్రతి నెలా ఒకటో తేదీన ఆ ధర సవరిస్తాయి, దాన్ని ఇంతవరకు జీఎస్టీలోకి తేలేదు కాబట్టి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పన్ను పడుతోంది. ఒకటో తేదీన సవరించే ఇంధనం ధరకూ రాత్రి పదిన్నరకూ పదీ నలభైకీ మధ్య పెరిగిన నా టికెట్టుకూ సంబంధమేమిటో ఎవరైనా చెప్పాలి.

ప్రభుత్వం చేతిలో ఏమీ లేదన్న మాట అంతకంటే బాధ కలిగిస్తుంది. విమానాలు నడిపే పని ప్రభుత్వ సంస్థలకే ఉంచిన ఎయిర్ కార్పొరేషన్ల చట్టం 1994లో రద్దయ్యాక ధర నిర్ణయం సంస్థలకే వదిలేసిన మాట వాస్తవమే. అయినా నడిపే ఖర్చు, సహేతుకమైన లాభం చూసుకుని ఛార్జీ నిర్ణయించాలని 1937 నాటి విమాన నిబంధనల్లోని 135వ నిబంధన చెబుతోంది. కరోనా కాలంలో 2020 మే 25 నుంచి 2022 ఆగస్టు 31 వరకు ఛార్జీలకు కింది హద్దు, పై హద్దు రెండూ పెట్టారు. 2025 డిసెంబరులో వందలాది విమానాలు రద్దై దేశమంతా గగ్గోలు పుట్టినప్పుడు 500 కిలోమీటర్ల వరకు 7,500, వెయ్యి వరకు 12,000, పదిహేను వందల వరకు 15,000, ఆపైన 18,000 రూపాయలకు మించి మూల ఛార్జీ వసూలు చేయకూడదని ఆదేశించారు. అంటే తలచుకుంటే ఒక్క రోజులో అయ్యే పని. దేశం మొత్తం అరిచినప్పుడు చేయగలిగినది, ఒక్క ఇంట్లో తెల్లవారుజామున ఫోన్ మోగినప్పుడు మాత్రం ఎందుకు చేయలేరు?

విజయసాయిరెడ్డి అధ్యక్షతన ఉన్న పార్లమెంటు స్థాయీ సంఘం 2024 ఫిబ్రవరిలోనే మార్గాల వారీగా గరిష్ఠ ఛార్జీ పెట్టమని, ఛార్జీల మీద నిఘాకు విడిగా ఒక వ్యవస్థ ఉండాలని సిఫారసు చేసింది. ఇవాళ పౌర విమానయాన శాఖ చూస్తున్న కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు మా పక్క జిల్లా శ్రీకాకుళం వారే. పండక్కి ఊరు రావడానికి ఉత్తరాంధ్ర వాళ్లు పడే పాట్లు ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. సిఫారసు చేసింది ఏ పార్టీ మనిషన్నది పక్కన పెట్టి, బెంగళూరు–విశాఖ మార్గంలో గరిష్ఠ ఛార్జీ ఇంత అని ఒక్క అంకె ప్రకటించమని ఆయనను అడుగుతున్నాను. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి ప్రభుత్వం తెచ్చిన ఉడాన్ పథకంలో కడప–హైదరాబాద్ సర్వీసు మొదలైన రోజున గంట ప్రయాణానికి 2,500 అన్న మాట విని సంతోషించినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

మరో సంగతి. రెండు విడతలుగా కొన్నందువల్ల అమ్మా అబ్బాయీ ఒక టికెట్టు మీద, మేమిద్దరం ఇంకో దాని మీద ఉన్నాం. అందరం దగ్గరగా కూర్చోవాలంటే సీటు సీటుకూ విడిగా కట్టమంటున్నారు. పన్నెండేళ్లలోపు పిల్లలకు తల్లి పక్కనో తండ్రి పక్కనో సీటు ఇవ్వాలని 2024లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశించింది, చాలా మంచి పని. డెబ్బై నాలుగేళ్ల తల్లి గురించి అందులో మాట లేదు. నేను కట్టలేదు. అమ్మ పక్కన అబ్బాయికి సీటు పడుతుందో లేదో చెక్-ఇన్ రోజున చూడాలి. పడకపోతే విమానం ఎక్కాక పక్కవాళ్లను బతిమాలుకుంటాను. ప్రయాణికుల ఫిర్యాదుల కోసం విమానయాన శాఖ పెట్టిన ఎయిర్‌సేవలో ఫిర్యాదు మాత్రం పొద్దున్నే పెట్టాను, ఆ రెండు ధరల స్క్రీన్‌షాట్లూ జత చేశాను.